గుర్తింపు పొందిన దోపిడీదారు

కోసూరి తాతబ్బాయి జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అన్నవాడు కాడు. ఇంట్లో దోమను కొట్టాలన్నా భార్యను పిలిచే మనిషి. అటువంటివాణ్ణి ప్రభుత్వం ఏరికోరి కోటగరువు గ్రామానికి దోపిడీదారుగా నియమించింది. నియామకపు ఉత్తర్వు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని, "ఏదో పదవిలా ఉందండి, శుభం" అని ఓ గ్లాసు టీ తాగి మరీ వెళ్లాడు.

తాతబ్బాయికి ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఊళ్లో ఉన్న ఏకైక పరిశ్రమ అదే. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక రేకుల షెడ్డు, గింజలు కాల్చే బట్టీ, నేల మీద పీటలేసుకుని కూర్చుని చెక్క సుత్తులతో ఆ గింజల్ని కొట్టే ముప్పై మంది ఆడవాళ్లు, అంతే. కాల్చిన గింజ మీద సుత్తి పడగానే పెంకులోంచి జీడి చిమ్ముతుంది. అది తగిలినచోట చర్మం కాలుతుంది, పొక్కుతుంది, నల్లబడుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంత మేరకే. ఆ చేతులకు కూరలో కారం తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది కనక వాళ్లందరూ అన్నం చెంచాలతో తింటారు.

వాళ్లకు పెద్ద మరిడమ్మ. పెళ్లయిన నాటినుంచీ గింజలు కొట్టి కొట్టి ఆమె అరచేతులు పెనం అడుగులా తయారయ్యాయి. పెద్దకూతురికి బిడ్డ పుట్టినప్పుడు మురిసిపోయి కాళ్ల మీద వేసుకుని నూనె రాస్తే, సాయంత్రానికి ఆ పసిగుడ్డు ఒళ్లంతా దద్దుర్లు. ఆనాటినుంచి మనవడు దూరంగా కూర్చున్న అమ్మమ్మనే ఎరుగును. ఇప్పుడు రెండో కూతురు సత్యవేణికి నెలలు నిండేది శ్రావణంలో.

"ఈ బిడ్డకన్నా నా సేత్తో నీళ్లోసుకుంటానండి అబ్బాయిగారూ," అంది మరిడమ్మ. "ఆ ఆవిరి బాయిలరేదో వత్తాదన్నారు కదండి, రప్పించండి బాబ్బాబు."

గింజల్ని బట్టీలో కాల్చకుండా బాయిలర్‌లో ఆవిరి పట్టి, కత్తెర మిషను మీద కోస్తే జీడి చిమ్మదు. కొనడం తాతబ్బాయి తాహతుకు మించిన పని కనక ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పెట్టుకుని చాలాకాలమైంది. శ్రావణం లోపల ఎలాగైనా తెప్పిస్తానని మరిడమ్మకు మాటిచ్చేశాడు కూడా. ఆ దరఖాస్తుకు జవాబుగానే ఇప్పుడీ నియామకం వచ్చింది.

ఉత్తర్వు వెనకాలే జీపులో ఫల్గుణరావుగారు దిగారు. సంస్కరణల ప్రత్యేకాధికారి. చికాగో నగరంలో రెండు వారాలు శిక్షణ పొంది వచ్చారు. వస్తూ వస్తూ అక్కడి పాత ఫ్యాక్టరీల బొమ్మలు ఒక సంచీడు తెచ్చుకున్నారు.

"తమ దరఖాస్తు సక్రమంగానే ఉన్నది," అన్నారాయన కుర్చీలో సర్దుకుని. "బాయిలర్ అనునది ఆరవ దశలో వచ్చును. తమరు ప్రస్తుతం మొదటి దశలో ఉన్నారు."

"మొదటి దశంటే ఏంటండి?"

"దోపిడీ."

తాతబ్బాయి లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఫల్గుణరావుగారు జాలిపడి, విషయం మొదటినుంచీ వివరించారు.

"అమెరికా ఎట్లు అభివృద్ధి చెందినది? మొదట యంత్రములు వచ్చినవి. యంత్రముల వెంట పొగ, పొగ వెంట మురికివాడ, మురికివాడ వెంట ధనస్వామి. అంతట ప్రజలు భగ్గుమన్నారు. పత్రికలు ఎండగట్టినవి. విద్యావంతులైన స్త్రీలు వాడల్లోకి వెళ్లి నివసించారు. అటు పిమ్మట చట్టములు వచ్చినవి. మనమేమి చేశాము? ఏకాయెకిన చట్టములు తెచ్చుకున్నాము. ఎనిమిది గంటల పని, తనిఖీ, కనీస వేతనం, అన్నీ పుస్తకంలో ఉన్నవి. ఒక్కటీ ఊళ్లోకి రాలేదు. ఎందుకు? పునాది లేక మేడ కట్టితిమి గనుక! దోపిడీ సక్రమంగా జరగలేదు, ఉద్యమం సక్రమంగా రాలేదు. ఈ చారిత్రక లోపాన్ని సవరించుటకే క్రమానుగత సంస్కరణల పథకం. ప్రయోగాత్మకంగా కోటగరువును ఎంపిక చేసినాము."

"మరి నేను దోచుకోలేకపోతేనండి?"

"రెండవ దశ ప్రారంభం కాదు. రెండవది లేనిదే ఆరవది లేదు."

తాతబ్బాయి మరిడమ్మ చేతులు తలుచుకున్నాడు. "శ్రావణం లోపల ఆరూ అయిపోతాయాండి?" అని అడిగాడు.

"అమెరికాకు ఒక తరం పట్టినది. మనం త్వరిత పద్ధతిపై ఆషాఢంలోగా ముగించెదము," అన్నారు ఫల్గుణరావుగారు.

అలా తాతబ్బాయి దోపిడీకి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాడు గాని, చేతకావాలి కదా. చికాగో బొమ్మల్లో ధనస్వామికి నల్లకోటూ, ఎత్తు టోపీ, నోట్లో చుట్టా ఉన్నాయి. కోటు అమలాపురంలో కుట్టించారు. టోపీ దొరక్కపోతే నాటకాల వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చారు. చుట్ట వాసన తాతబ్బాయికి పడదు కనక వెలిగించకుండా పట్టుకోవడానికి ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. మాఘమాసం వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో, రేకుల షెడ్డు కింద, ఆ కోటులో నిలబడి చెమటలు కక్కుతూ ఆయన మొట్టమొదటిసారి దోపిడీకి ఉపక్రమించాడు.

"మరిడమ్మగారూ, కొంచెం తొందరగా కొట్టండి, దయచేసి," అన్నాడు.

ఫల్గుణరావుగారు తల అడ్డంగా ఊపారు. "'దయచేసి' తీసివేయండి. 'గారూ' తీసివేయండి."

"నా చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిందండి ఆవిడ!"

"చారిత్రక అవసరం."

తాతబ్బాయి నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. మరిడమ్మకే జాలేసింది. సుత్తి కింద పెట్టి, గొంతు తగ్గించి, "గట్టిగా అరవండి బాబూ, ఆఫీసరుగారు సూత్తన్నారు," అంది. "మా ఆయన తాగొచ్చి ఎట్టా అరిచేవోడో గేపకం ఉందా? అట్టా అన్నమాట. మేమేం అనుకోం లెండి."

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, "ఏయ్!" అన్నాడు. షెడ్డులో సుత్తులన్నీ ఆగాయి. తర్వాత ముప్పై మంది ఆడవాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వారు. ఫల్గుణరావుగారు దాన్ని 'కార్మికులలో వ్యక్తమైన తీవ్ర భావోద్వేగం' అని నమోదు చేసుకున్నారు.

ఎనిమిది గంటల పనిదినం సాధించాలంటే ముందు పన్నెండు గంటలు పని ఉండాలి. కోటగరువులో ఆడవాళ్లు పొద్దున్న వంట ముగించుకుని వచ్చి, పిల్లలు బడినుంచి వచ్చేవేళకు ఇళ్లకు పోతారు. లెక్కకడితే ఎనిమిది గంటలు కూడా లేవు. ఇది సంస్కరణకు ఎంతమాత్రం అనుకూలం కాదని తేలింది. కనక దీపాలు పెట్టేదాకా ఎవరూ కదలకూడదన్నారు. గింజలేమో ఎప్పటి వేళకే అయిపోయేవి. మిగతా పొద్దంతా వాళ్లు షెడ్డులోనే కూర్చుని అష్టాచెమ్మా ఆడుకున్నారు. ఇళ్ల దగ్గర మగవాళ్లు అన్నాలు వండుకుని, మాడగొట్టుకుని, తిట్టుకుంటూ తిన్నారు. ఆ పథకం వల్ల ఊరికి జరిగిన మేలు నిజానికి అదొక్కటే. అది ఏ నివేదికలోకీ ఎక్కలేదు.

బాలకార్మిక నిర్మూలనకు ఇంకా పెద్ద చిక్కొచ్చి పడింది. షెడ్డులో పిల్లలే లేరు. హెడ్మాస్టరును బతిమాలి ఒక తరగతిని పొద్దున్నే తెచ్చి కూర్చోబెట్టి, ఫోటోలు తీసి, భోజనాల వేళకు విముక్తి చేశారు. విముక్తి అయిన పిల్లలు తలా గుప్పెడు జీడిపప్పు జేబుల్లో వేసుకుని, మళ్లీ ఎప్పుడు నిర్మూలిస్తారని అడిగి వెళ్లారు.

రెండో దశలో పత్రిక వచ్చింది. జిల్లా పత్రిక విలేఖరి సూరంరాజును పిలిపించి, మురికిని తవ్వి తీయమన్నారు. ఆయన తాతబ్బాయి ఇంట్లో పెసరట్లు తిని, చేయి కడుక్కుని, అరుగు మీదే కూర్చుని 'కోటగరువు రక్తపిశాచి' అని మొదటి పేజీకి రాసిచ్చాడు. మర్నాడు తాతబ్బాయి పేపరు చదువుకుని నిజంగానే ఏడ్చాడు. ఎవరి కూలిలోనూ పైసా ఉంచుకోని మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో రాసినవాడికేం తెలుసు?

"అంతా బాయిలర్ కోసం కదండీ, ఓర్చుకోండి," అని భార్య సీతామాలక్ష్మి కళ్లు తుడిచింది. "అయినా మీ ఫోటో బాగానే పడింది."

చిత్రమేమిటంటే, ఆ రోజునుంచీ తాతబ్బాయికి ఎక్కడికెళ్లినా మర్యాద పెరిగిపోయింది. ఇదివరకు గుమ్మంలో నిలబెట్టే బ్యాంకు మేనేజరు లేచి కుర్చీ వేశాడు. తహసీల్దారు ఆఫీసులో కాఫీ తెప్పించారు. మంచివాడుగా ఉన్నన్నాళ్లూ తన మొహం చూడనివాళ్లు ఇప్పుడు కళ్లలో కళ్లు పెట్టి నవ్వుతున్నారు. ఆయనకు అదేమీ సంతోషంగా లేదు. బట్టీ దగ్గర ఆడవాళ్ల చేతులు మాత్రం ఎప్పటిలాగే కాలుతున్నాయి.

మూడో దశలో చదువుకున్న ఇద్దరు అమ్మాయిలు పట్నంనుంచి వచ్చి, కార్మికుల మధ్య నివసిస్తామని మరిడమ్మ ఇంట్లో దిగారు. వాళ్లకు మంచం ఇచ్చి మరిడమ్మ చాప మీద పడుకుంది. చేద్దామనుకున్న సేవ చేయకుండానే వాళ్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మరిడమ్మే గంజి కాచి పోసి, బస్సెక్కించి పంపింది.

నాలుగోది గుత్తాధిపత్య భంజనం. ఊళ్లో జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటే కాబట్టి, ఊరి జీడిపప్పు యావత్తూ ఒకడి గుప్పిట్లోనే ఉందని తేలింది. ఆయన గుప్పిట ఎంతన్నది వేరే సంగతి. షెడ్డు మధ్యన ఒక తాడు కట్టి, ఇవతల సగం తాతబ్బాయికీ, అవతల సగం సీతామాలక్ష్మికీ పంచారు. ఇకమీదట ఇద్దరూ పోటీ పడాలి. ధరల గురించి ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటే కుట్ర కింద లెక్క. రాత్రి భోజనాల దగ్గర కాపలాకి ఒక అటెండరును వేశారు.

"ఏవండీ, ఉప్పు అందుకోండి," అని సీతామాలక్ష్మి అటెండరు వైపు అనుమానంగా చూసింది. "ఇది అనొచ్చా బాబూ?"

"ఉప్పు పర్వాలేదమ్మా. జీడిపప్పు ఊసెత్తకూడదంట."

"అయితే పాయసంలో ఏం వేశానో అడక్కండి," అంది ఆవిడ. అటెండరు అడగలేదు. రెండు గిన్నెలు తాగాడు.

అలా ఆషాఢం వచ్చేసింది. సత్యవేణి పురిటికి పుట్టింటికి వచ్చింది. మరిడమ్మ ఇప్పుడు రోజూ అడగడం మానేసి, తాతబ్బాయి కోటు వైపు ఊరికే చూసి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఆయనకు తిండి సయించడం లేదు. ఇంకొక్క దశ, ఇంకొక్కటే అని తనకు తనే చెప్పుకుంటున్నాడు.

అయిదో దశ పేరు సాంఘిక సమానత్వం. దానికి తగిన దురాచారం కోసం ఫల్గుణరావుగారు ఊరంతా గాలించారు. ఆ ఊళ్లో దురాచారాలకు కరువా? ఒక వీధివాళ్లు ఇంకో వీధి బోరింగు దగ్గరికి రాకూడని ఊరది. అయితే అందులో చేయి పెట్టడానికి పై అధికారుల అనుమతి కావాలి. వెతగ్గా వెతగ్గా ఆయనకు కిరాణా కొట్టు దగ్గర ఒకటి దొరికింది. కొట్టతను మరిడమ్మకు సరుకు చేతికివ్వకుండా గల్లా బల్ల మీద పెట్టాడు. ఆమె కూడా చేయి చాచలేదు. బస్సులో కండక్టరు ఆ ఆడవాళ్లకు టిక్కెట్టు సీటు మీద పెట్టడం కూడా చూశారు.

జీడి చేతులవాళ్లతో కోటగరువు మొత్తం అలాగే మసలుకుంటుంది. అవమానించాలని కాదు, తాకితే కాలుతుందని. కట్టుకున్న మొగుళ్లూ కన్నబిడ్డలూ కూడా అంతే. ఆ ఆడవాళ్లే ముందు చేతులు వెనక్కి తీసుకుంటారు. ఫల్గుణరావుగారు మాత్రం పొంగిపోయారు.

"శ్రామిక హస్తానికి బహిష్కారం! ఎంత ఘోరం! దీనిని కరచాలనముతో నిర్మూలించెదము. సంస్కరణ దినోత్సవం నాడు మా శాఖ సంచాలకులవారు మొదలు అందరు ప్రముఖులూ ఇచటి ప్రతి శ్రామికురాలితోను కరచాలనం చేయుదురు. అమెరికాలో ఇదే మర్యాద."

తాతబ్బాయి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యా, వద్దండి. అది దురాచారం కాదండి, జీడండి. చేతులు కాలిపోతాయండి."

ఫల్గుణరావుగారు కలం తీసి తృప్తిగా రాసుకున్నారు. "'స్వార్థపర వర్గముల ప్రతిఘటన.' సరిగా ఈ దశలోనే రావలెను. వచ్చినది. సంతోషం."

"ప్రతిఘటన కాదండి బాబూ, నిజం!"

"దోపిడీదారులందరూ నిజమనే అందురు."

తాతబ్బాయికి అప్పుడు అర్థమైంది. ఆ కోటు తొడుక్కున్నాక తను ఏం చెప్పినా ఎవడూ నమ్మడు. మరిడమ్మను పిలిచి ఆమెతో చెప్పించాడు. "ముట్టుకోకండి బాబయ్యా, పొక్కులెక్కిపోద్ది," అని ఆమె చేతులు జోడించింది. ఫల్గుణరావుగారి కళ్లు చెమ్మగిల్లాయి. "తరతరాల న్యూనతాభావం మాట్లాడుచున్నది," అన్నారు. పోనీ ఆ రోజుకు పని ఆపి, చేతులు తోముకుని వస్తామన్నారు ఆడవాళ్లు. ససేమిరా కుదరదన్నారు. పీట మీదినుంచి లేచి, పనిలో ఉన్న చెయ్యి ఉన్నట్టే అందించాలి, లేకపోతే ఫోటోలో సహజత్వం ఉండదట.

దినోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. సంచాలకులవారు, ఉపసంచాలకులవారు, వాళ్ల శ్రీమతులు, విలేఖరి సూరంరాజు, ఫల్గుణరావుగారు వరసగా వచ్చి, ముప్పై మంది చేతులూ పట్టుకుని, ఫోటో కోసం కాసేపు ఊపి ఊపి వదిలారు. ఉక్కపోత. అదే చేత్తో నుదురు తుడుచుకున్నారు. ముక్కు గోక్కున్నారు. ఉపన్యాసాల్లో భావావేశం వచ్చినప్పుడు కళ్లు ఒత్తుకున్నారు. భోజనాల్లో ఆవకాయ కలుపుకునేటప్పుడు సంచాలకులవారు మొదటి కేక పెట్టారు. తర్వాత కేకలు ఎవరివో పోల్చుకోవడం కష్టమైంది. తెల్లారేసరికి ప్రముఖుల మొహాలు ఉబ్బి, ఒకరినొకరు గొంతును బట్టి గుర్తుపట్టవలసి వచ్చింది.

ఆ తర్వాత ఫైలు కదిలిన వేగం కోటగరువు వాళ్లు మునుపెన్నడూ చూడలేదు. నిపుణుల బృందం ఆసుపత్రి మంచాల చుట్టూనే సమావేశమైంది. జీడి వల్ల చర్మానికి తీవ్రమైన హాని కలుగుతుందని ఆనాడే ప్రపంచంలో మొట్టమొదటిసారిగా కనుక్కున్నట్టు ప్రకటించారు. దానికి ఏకైక పరిష్కారం ఆవిరి బాయిలర్ అని కూడా తేల్చారు. పది రోజులు తిరక్కుండా బాయిలరూ, కత్తెర మిషన్లూ లారీలో వచ్చి షెడ్డు ముందు దిగాయి.

ఆడవాళ్లు బాయిలర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టారు. తాతబ్బాయి కోటు విప్పి అవతల పారేశాడు. మరిడమ్మ చేయి బాయిలర్ మీద వేసి అలా నిలబడిపోయింది. అప్పుడు అటెండరు లక్క, కొవ్వొత్తి పట్టుకొచ్చి, బాయిలర్ మూతకు సీలు వేశాడు.

"అదేంటయ్యా!" అన్నాడు తాతబ్బాయి.

అటెండరు సిగ్గుపడుతూ ఉత్తర్వు చేతికిచ్చాడు. 'ఆరవదగు కార్మిక క్షేమ దశను ప్రముఖుల క్షేమ దశగా సవరించడమైనది. ప్రముఖులెవరైనను కరచాలనమునకు విచ్చేయు సందర్భమున, దానికి ముందు వారము దినములు, మరియు కార్యక్రమము ముగియు వరకు, బాయిలరును నడుపవలెను. ఇతర దినములందు సీలు వేసి భద్రపరచవలెను. కార్మికులు యథాప్రకారము బట్టీపై పని చేయవలెను.' దినోత్సవం మళ్లీ వచ్చే ఏడాది ఆషాఢంలో.

మరిడమ్మ కొంగుతో లక్క మీది దుమ్ము తుడిచింది.

"పోన్లెండి అబ్బాయిగారూ. వచ్చింది కదా. కళ్లతో సూశాం. అదే పదేలు." పీట దగ్గరికి వెళ్లి సుత్తి అందుకుంది. "సత్తేణికి వాళ్లత్తగారు నీళ్లోత్తాది లెండి."

తాతబ్బాయికి ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయనకు కోపం రావడం అదే మొదటిసారి. ప్రభుత్వం అయిదు నెలలు తర్ఫీదు ఇచ్చినా రాని కేక ఇప్పుడు నిజంగా వచ్చింది. "మరిడమ్మా! ఆ సుత్తి కింద పెట్టు!" అని అరిచాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన ఆ ఉత్తర్వును ఇంకోసారి చదివాడు. మెల్లిగా, వేలు పెట్టి చదివాడు. తర్వాత సైకిలెక్కి పోస్టాఫీసుకు వెళ్లి ఫల్గుణరావుగారికి ఫోన్ చేశాడు.

"అయ్యా, దోపిడీదారునండి. వచ్చేవారం మా పోస్టుమాస్టరుగారు కరచాలనానికి విచ్చేస్తున్నారు. సీలు తీయించాలండి."

"పోస్టుమాస్టరు ప్రముఖుడా?" అంది అవతలి గొంతు. పెదాల వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"కోటగరువులో అంతకంటే ఎవరున్నారండి?"

సీలు తీశారు. వారం గడిచాక పోస్టుమాస్టరు వచ్చి, దండ వేయించుకుని, ముప్పై చేతులూ ఊపి వెళ్లాడు. అటెండరు కొవ్వొత్తి వెలిగించేలోపలే పశువుల డాక్టరుగారు విచ్చేస్తున్నట్టు కబురందింది. ఆ వెనక హెడ్మాస్టరు, లైన్‌మాన్, రేవు దగ్గర పడవ సరంగు. వారానికొక ప్రముఖుడు. ఊళ్లో మొహం చెల్లిన ప్రతివాడికీ దండ పడింది. బట్టీలో బూజు పట్టింది. ఆడవాళ్ల చేతుల మీది నల్లటి పొర మెల్లిమెల్లిగా పెచ్చులూడి, కింద లేత చర్మం పైకి వచ్చింది. మరిడమ్మ ఒకరోజు చెంచా పక్కన పెట్టి, పప్పూ అన్నం చేత్తో కలుపుకుని తిని, తింటున్నంతసేపూ ఏడ్చింది.

ఇంతలో సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు బాగా జరిగింది. మరిడమ్మ గుమ్మం బయటినుంచే చూసి వచ్చేది. చేతులు నయమయ్యాయని అందరూ చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు, ఎవరైనా పెద్దాయన పరీక్ష చేసి చెప్పాలంది. అప్పుడు తాతబ్బాయి మళ్లీ పోస్టాఫీసుకు వెళ్లి, ఈసారి ఒక దరఖాస్తు రాసి పంపాడు.

ఈసారి ఫల్గుణరావుగారు స్వయంగా జీపులో వచ్చారు. కుడిచేతి చర్మం ఇంకా పాము కుబుసంలా లేస్తోంది. చేతిలో ఉన్న కాగితం తాతబ్బాయి ముందు పెట్టారు.

"ఈ వారపు ముఖ్య అతిథి పేరు ఇంకా పెట్టలేదని రాసినారు. వయస్సు మూడు వారములు అని రాసినారు. ఇది పథకమును అపహాస్యం చేయుట కాదా?"

"ప్రముఖులంటే ఎవరని ఉందండి మీ ఉత్తర్వులో?"

ఫల్గుణరావుగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "'ప్రముఖులనగా, ఎవరి చర్మము ప్రజాహితార్థము సంరక్షణకు అర్హమో, అట్టి వ్యక్తి.'"

"అయితే చెప్పండి," అన్నాడు తాతబ్బాయి. "మీ అంత పెద్దాయన చర్మమే అట్టా అయిపోయింది. పసిదాని చర్మం మాటేంటండి?"

ఫల్గుణరావుగారు తన అరచేతివంక చూసుకున్నారు. ఏం గుర్తొచ్చిందో, మొహం ఒక్కక్షణం మామూలు మనిషి మొహంలా అయింది. ఆ వెంటనే సర్దుకుని, "శిశువు అయినంత మాత్రమున సంస్కరణకు అతీతురాలు కాజాలదు," అని సంతకం పెట్టేశారు. కార్యక్రమానికి తాను కూడా ఉంటానన్నారు.

ముఖ్య అతిథి పాతచీర పొత్తిళ్లలో నిద్రపోతూ విచ్చేశారు. దండ వేయడానికి మెడ కనిపించలేదు. మరిడమ్మ చేతులు సబ్బుతో కడిగింది, మళ్లీ కడిగింది. ఫల్గుణరావుగారే ముందుకొచ్చి ఆమె చేయి పట్టుకుని, తిప్పి చూసి, తన చెంపకు ఆనించుకుని కాసేపు ఆగారు. ఏమీ కాలేదు. "యోగ్యమే," అన్నారు మెల్లిగా.

మరిడమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. సత్యవేణి బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది. అమ్మమ్మ ఒక వేలు అందించింది. ముఖ్య అతిథి కళ్లు తెరవకుండానే ఆ వేలిని గుప్పిట పట్టేసింది. షెడ్డంతా ముందుకు వంగి చూసింది. తాతబ్బాయి అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. వెనకాల బాయిలర్ సన్నగా ఈల వేస్తోంది.

కొంతసేపయ్యాక అటెండరు లక్కా కొవ్వొత్తీ పట్టుకుని, సీలు వెయ్యొచ్చా అన్నట్టు చూశాడు. ఫల్గుణరావుగారు కలం తీశారు.

"నివేదికలో రాయవలెను. కరచాలనం ముగిసినదా?"

"ఎక్కడండి బాబయ్యా," అంది మరిడమ్మ తల ఎత్తకుండానే. "ఒదల్టం లేదు."

ఫల్గుణరావుగారు అటెండరును లక్క జేబులో పెట్టుకోమన్నారు. తర్వాత, నిబంధన ప్రకారమే, 'కార్యక్రమము కొనసాగుచున్నది' అని రాసుకున్నారు.